ఐదో పిక్ గోల్‌కీపర్‌కే: మన క్లబ్ కార్యవర్గానికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, ఎంపిక సంఘం సభ్యులకు,

నమస్కారములు.

వచ్చే ఆదివారం హన్మకొండలో జరగబోయే ఫుట్‌బాల్ ఆటగాళ్ళ డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమంలో) మన క్లబ్ మొదట ఎవరి పేరు చదవాలన్న విషయమై మూడు వారాలుగా అభిమానుల మధ్య సాగుతున్న వాదోపవాదాలు మీ చెవిన పడే ఉంటాయి. కాజీపేట చౌరస్తాలో టీ కొట్టు ముందర మొదలైన ఈ పంచాయితీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం మెట్ల మీదికి, అక్కడి నుండి పెళ్ళి పందిళ్ళలోకి కూడా పాకింది. మొన్న మడికొండలో ఒక పెళ్ళికి వెళితే, తలంబ్రాల వేళ అక్షింతలు గుప్పిట్లో పట్టుకునే ఇద్దరు పెద్దమనుషులు స్ట్రైకరా, గోల్‌కీపరా అని గొంతులు పెంచి మాట్లాడుకోవడం చూశాను. అందులో ఒకరిని నేనే కనుక ఆ తప్పు ఒప్పుకుని, ఆనాడు సగంలో ఆగిన మాటను ఈ లేఖలో పూర్తి చేస్తున్నాను.

నేను రైల్వేలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇరవై ఏళ్ళకు పైగా ఫుల్‌బ్యాక్‌గా, అంటే వెనకవరుసలో, ఆడాను. క్లబ్‌లో నాకు ఏ పదవీ లేదు, కోరికా లేదు. ఏటా చందా కట్టి రసీదు తీసుకునే సభ్యుణ్ణి మాత్రమే. నా విన్నపం ఒక్కటే. మనకు దక్కిన ఐదో పిక్‌లో, అంటే ఐదో ఎంపికలో, ముందువరుస ఆటగాడిని (స్ట్రైకర్‌ను) కాక గోల్‌కీపర్‌ను తీసుకోండి. ఎందుకో చెబుతాను.

ముందుగా వరుస సంగతి చూద్దాం. లీగ్‌లో ఎనిమిది జట్లున్నాయి, గత ఏడాది చివరన నిలిచిన జట్టుకు మొదటి అవకాశం వస్తుంది. మనం నాలుగో స్థానంలో ఉన్నాం కనుక మన వంతు ఐదోది. రెండో రౌండ్‌లో వరుస పాము మెలిక తిరిగినట్టు వెనక్కి తిరుగుతుంది కాబట్టి ఆ రౌండ్‌లో మనకు పన్నెండో పిక్, మూడో రౌండ్‌లో ఇరవై ఒకటోది, నాలుగో రౌండ్‌లో ఇరవై ఎనిమిదోది వస్తాయి. అంటే మన మొదటి పేరుకూ రెండో పేరుకూ నడుమ ఆరుగురు వెళ్ళిపోతారు. రెండో పేరుకూ మూడో పేరుకూ నడుమ ఎనిమిది మంది వెళ్ళిపోతారు. డ్రాఫ్ట్‌లో తెలివి అంటే ఎవరు గొప్ప ఆటగాడో చెప్పగలగడం ఒక్కటే కాదు. మన వంతు మళ్ళీ వచ్చేసరికి ఏ రకం ఆటగాళ్ళు మిగులుతారు, ఏ రకం వాళ్ళు మిగలరు అన్నది ముందుగా పసిగట్టడమే అందులో పెద్ద పని.

ఈసారి జాబితాలో ముందువరుసలో ఆడతామని పేరు రాయించుకున్నవారు ఇరవై ఆరుగురు. వారిలో తొమ్మిది మంది మంచివాళ్ళని నా అంచనా. మీ అంచనాలో ఒకరిద్దరు అటూ ఇటూ కావచ్చు. గోల్‌కీపర్లు ఆరుగురే ఉన్నారు. ఆ ఆరుగురిలో లీగ్ స్థాయికి నిలబడగలవారు ముగ్గురు. మిగిలిన ముగ్గురూ మంచి పిల్లలే కాని ఇంకా రెండేళ్ళు నేర్చుకోవాలి. ఎనిమిది జట్లలో మూడు తమ పాత గోల్‌కీపర్లను అట్టిపెట్టుకున్నాయి. గోల్‌కీపర్ అవసరమున్న జట్లు ఐదు: వరుసలో ఒకటో, మూడో, ఐదో, ఆరో, ఎనిమిదో స్థానాల్లో ఉన్నవి. ఐదో స్థానం మనది. మనకంటే ముందున్న రెండు జట్లూ గోల్‌కీపర్లనే తీసుకున్నా, మన వంతుకు ఒకడు తప్పకుండా మిగులుతాడు. మనం అప్పుడు స్ట్రైకర్ కోసం చెయ్యి చాపి, పన్నెండో పిక్‌లో గోల్‌కీపర్‌ను చూసుకుందామనుకుంటే, మన తరువాతి ఆరో, ఎనిమిదో జట్లు ఊరుకుంటాయా? ముందున్న రెండు జట్లూ గోల్‌కీపర్ జోలికి పోకుండా ఉంటే తప్ప, పన్నెండు వచ్చేసరికి ఆ ముగ్గురిలో ఒక్కడూ ఉండడు. అదే స్ట్రైకర్ల విషయానికి వస్తే, పన్నెండో పిక్ నాటికి ఆ తొమ్మిదిలో ఆరుగురు పోయినా ముగ్గురుంటారు. నేను చెప్పదలచిన లెక్క ఇంతే, దీనికి కంప్యూటర్ అక్కరలేదు.

ఇక నర్సంపేట కుర్రవాడి సంగతి. ట్రయల్ మ్యాచ్‌లో అతడు రెండు గోల్స్ కొట్టినప్పటి నుండి మన అభిమానుల్లో సగం మందికి వేరే పేరు నోటికి రావడం లేదు. "గోల్ కొట్టెటోడే లేకుంటే గెల్చుడు ఎట్లనే?" అని నన్ను నిలదీసిన మిత్రుల బాధ నాకు అర్థమవుతుంది, గత ఏడాది చివరి నెలలో మనం గోల్ కొట్టలేక ఎంత అవస్థ పడ్డామో నేనూ గట్టు మీద కూర్చుని చూశాను. కాని ఆ ట్రయల్ మ్యాచ్ రోజున నేను ఆ గోల్‌పోస్టు వెనకాలే నిలబడి ఉన్నాను. మొదటి గోల్, గోల్‌కీపర్ చేతిలోంచి జారిన బంతి కాళ్ళ ముందర పడితే కొట్టినది. రెండోది కార్నర్ నుండి వచ్చిన బంతికి తల తగిలించినది. ఆ బంతి గోల్‌కు నాలుగడుగుల దూరంలో పడుతున్నా గోల్‌కీపర్ గీత మీది నుండి కదలలేదు. కుర్రవాడిలో చురుకుదనం ఉంది, కాదనను. అయితే ఆ రెండు గోల్స్ అతని ప్రతిభకు ఎంత సాక్ష్యమో, గోల్‌లో నిలబడినవాడి తడబాటుకూ అంతే సాక్ష్యం. ఆ తడబడినవాడు ఇంకా నేర్చుకోవాలని నేను పైన చెప్పిన ముగ్గురిలో ఒకడు. ఐదో పిక్‌లో స్ట్రైకర్‌ను తీసుకుంటే, చివరకు మన గోల్‌లో నిలబడేది అతడే కావచ్చు.

ముందువరుస ఆటగాడిని తయారు చేసుకోవచ్చు, గోల్‌కీపర్‌ను చేసుకోలేం అన్నది నా సొంత కనిపెట్టుడు కాదు. మన హైదరాబాద్ గడ్డ మీద పుట్టి, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టుకు బంగారు పతకం తెచ్చిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ చేసి చూపించిన పని అది. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, వెనక ఆడించడం ప్రమాదమని తలచి, సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ అతణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. దక్షిణ కొరియాతో జరిగిన ఆ ఫైనల్లో మనం 2-1తో గెలిచాం. ఆ రెంటిలో ఒక గోల్ జర్నైల్ సింగ్‌దే, రెండోది పి.కె. బెనర్జీది. అదే ఫైనల్లో గోల్‌లో మాత్రం రహీమ్ గారు వేరే స్థానం ఆటగాణ్ణి నిలబెట్టే ప్రయోగం చేయలేదు. అక్కడ పీటర్ తంగరాజ్ నిలబడ్డాడు. ఆసియాలోనే మేటి గోల్‌కీపర్‌గా పేరు తెచ్చుకున్న ఆ తంగరాజ్ కూడా హైదరాబాద్‌లో పుట్టినవాడే. స్టాపర్‌ను, అంటే వెనక నడుమ నిలిచే డిఫెండర్‌ను, ముందుకు పంపి ఆసియా క్రీడల బంగారు పతకం గెలవవచ్చు గాని, స్టాపర్‌కు గ్లౌజులు తొడిగి ఏం గెలుస్తామో గత ఏడాది మనకు బాగానే తెలిసింది. మన గోల్‌కీపర్ సెమిస్టర్ పరీక్షలకని వెళ్ళిపోతే, ఉన్న ఒక్క మంచి స్టాపర్‌ను గోల్‌లో నిలబెట్టాం. గోల్‌లోనూ ఓడాం, వెనకవరుసలోనూ ఓడాం.

దగ్గరి కాలం ఉదాహరణ కావాలన్నా ఉంది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్‌ను మన వరంగల్‌లో ఎంతమంది కళ్ళార్పకుండా చూశారో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ సీజన్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ తరఫున స్ట్రైకర్ ఓగ్‌బెచె 18 గోల్స్ చేసి అందరికంటే ముందు నిలిచాడు. అతడు లేకపోతే ఆ జట్టు ఫైనల్ మెట్టు ఎక్కేది కాదన్నది నేనూ ఒప్పుకుంటాను. కాని ఫైనల్లో అతడు గోల్ కొట్టలేదు. సాహిల్ తవోరా 88వ నిమిషంలో సమం చేస్తే, ఆట షూటౌట్‌కు పోయింది. అక్కడ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, కప్పు వచ్చింది. అప్పటికి కట్టిమణి వయసు 32. ముప్పై దాటినవాడు మనకెందుకని కొందరు యువకులు అంటున్నారు కనుక ఆ అంకెను ప్రత్యేకంగా రాస్తున్నాను. (ఆ కప్పు గెలిచిన క్లబ్బే 2025లో మన రాష్ట్రం విడిచి ఢిల్లీకి తరలిపోయింది. దాని మీద నాకున్న బాధకు ఈ లేఖ చాలదు.)

నా వాదానికి ఎదురు నిలిచే ఉదాహరణను దాచిపెట్టడం న్యాయం కాదు కనుక దాన్నీ చెబుతాను. 2017 జూలైలో ముంబైలో జరిగిన ఐఎస్‌ఎల్ డ్రాఫ్ట్‌లో కొత్తగా చేరిన జంషెడ్‌పూర్ క్లబ్ మొట్టమొదట తీసుకున్న పేరు అనస్ ఎడతొడిక, అతడు డిఫెండర్. ఆ తరువాత సుబ్రతా పాల్‌ను గోల్‌కీపర్‌గా పెట్టుకుంది. అంటే అటక నుండి కాక పునాది నుండి ఇల్లు కట్టుకుంది. ఫలితం ఏమిటి? మొదటి మూడు మ్యాచ్‌లూ గోల్స్ లేని డ్రాలే. ఆ సీజన్‌లో సెమీఫైనల్ చేరకుండా ఐదో స్థానంలో ఆగిపోయింది. "చూశావా, వెనక గట్టిగా ఉంటే సరిపోదు" అని మీలో ఎవరైనా అంటే నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కాని అదే డ్రాఫ్ట్‌లో అనస్‌తో సమానంగా పెద్ద మొత్తం పలికిన మిడ్‌ఫీల్డర్ యూజీన్‌సన్ లింగ్డోను కోల్‌కతా జట్టు తీసుకుంటే, అతడు మోకాలి గాయంతో సీజన్‌లో చాలా భాగం ఆడలేకపోయాడు, ఆ జట్టు పది జట్లలో తొమ్మిదో స్థానానికి జారింది. కొత్తగా పుట్టిన జట్టు మొదటి ఏడాదిలోనే ఐదో స్థానంలో నిలవడం చిన్న విషయమేమీ కాదు. పైగా మన పరిస్థితి వేరు: మనం ముందే ఒక స్టాపర్‌ను, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లను అట్టిపెట్టుకున్నాం. బంతి ముందుకు అందించేవాళ్ళు ఉన్నారు, పన్నెండో పిక్‌లో స్ట్రైకర్ దొరుకుతాడు. ఖాళీగా ఉన్నది గోల్ ఒక్కటే.

మన మైదానాల స్వభావం కూడా మీరు లెక్కలోకి తీసుకోవాలి. నెహ్రూ స్టేడియంలో ఆడే రెండు మూడు మ్యాచ్‌లు తీసేస్తే, మిగతావన్నీ మొరం నేల మీదే ఆడతాం. చలికాలంలో ఆ నేల ఎండి రాయిలా ఉంటుంది. బంతి కింద పడగానే ఛాతీ ఎత్తుకు లేస్తుంది, ఒక్కోసారి గులకరాయి తగిలి పక్కకు తిరుగుతుంది. ఇక్కడ దూరం నుండి గుడ్డిగా కొట్టిన బంతి కూడా గోల్ అయ్యే అవకాశం ఉంది. అందుకే మన లీగ్‌లో చాలా గోల్స్ అందమైన పాసుల వల్ల కాక, గోల్‌కీపర్ ముందర పడి లేచిన బంతుల వల్లనే వస్తాయి. బంతి ఎక్కడ పడి ఎంత లేస్తుందో ముందే పసిగట్టి రెండడుగులు ముందుకు వచ్చే గోల్‌కీపర్ పచ్చిక మైదానంలో కంటే మొరం మీద రెట్టింపు పనికొస్తాడు. నేను ఆడే రోజుల్లో మా గోల్‌కీపర్ మోచేతులకు సైకిల్ ట్యూబు ముక్కలు కట్టుకుని దూకేవాడు. ఇప్పటికీ ఆయన మోచేతుల మీద చర్మం రంగు వేరుగా ఉంటుంది.

ముగ్గురిలో ఎవరన్నది మీ నిర్ణయమే. అయినా నా అభిప్రాయం రాస్తున్నాను. భూపాలపల్లి నుండి వచ్చిన పొడగరి చేతులు మిగతా ఇద్దరి కంటే ఎక్కువ ఎత్తుకు అందుతాయి, గాలిలో వచ్చే బంతులకు భయపడడు. పరకాల కుర్రవాడికి పందొమ్మిదేళ్ళు. పిల్లిలా దూకుతాడు, కాని ముందున్నవాళ్ళకు గొంతెత్తి ఏమీ చెప్పడు. గోల్‌కీపర్ నోరు మెదపకపోతే ఫుల్‌బ్యాక్ గుడ్డివాడవుతాడని ఫుల్‌బ్యాక్‌గా ఆడిన నేను చెబుతున్నాను. మూడోవాడు మన కాజీపేట రైల్వే ఉద్యోగి, ముప్పై ఒక్కేళ్ళు; దూకుడు తక్కువ, తప్పులు ఇంకా తక్కువ. నైపుణ్యం ఒక్కటే చూస్తే భూపాలపల్లి వ్యక్తికే నా ఓటు. కాని ఆయన పనిచేసేది సింగరేణిలో, అక్కడ మూడు షిఫ్టులుంటాయి. రాత్రి షిఫ్టు దిగి బస్సెక్కి హన్మకొండ చేరి, పొద్దున పది గంటలకు గోల్‌లో నిలబడమంటే ఎవరి తరం? కనుక లీగ్ జరిగే వారాల్లో మొదటి షిఫ్టు గాని, సెలవు గాని దొరుకుతుందో లేదో ఆయననే ముందుగా అడగండి. దొరకదంటే కాజీపేట గోల్‌కీపర్‌నే తీసుకోండి.

ముందుగా అడగడమన్నది చిన్న మాటలా కనిపిస్తుంది గాని, అడగకపోతే ఏమవుతుందో డ్రాఫ్ట్ అనే పద్ధతి పుట్టిన రోజే తేలిపోయింది. అమెరికాలో చేత్తో పట్టుకుని పరుగెత్తే ఫుట్‌బాల్ ఒకటుంది కదా. అందులో 1936లో ఫిలడెల్ఫియాలో జరిగిన మొట్టమొదటి డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్‌గా తీసుకున్న జే బెర్వాంగర్ ఆ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. జీతం కుదరక వేరే ఉద్యోగం చూసుకున్నాడు. అదే ఆటలో 2000లో 199వ పిక్‌గా వెళ్ళిన టామ్ బ్రేడీ తరువాత ఏడు సూపర్ బౌల్స్ (ఆ లీగ్ ఫైనల్స్) గెలిచాడని మన కుర్రాళ్ళు నాకు పదే పదే చెబుతున్నారు, గోల్‌కీపర్ చివర్లో కూడా దొరుకుతాడనడానికి. నాయనలారా, మన డ్రాఫ్ట్ మొత్తం పదమూడు రౌండ్లు, నూట నాలుగు పేర్లు. 199 దాకా మనం పోలేం.

అడగవలసినది షిఫ్టుల గురించి మాత్రమే కాదు. ఇంజనీరింగ్ పిల్లల్ని పరీక్షల తేదీలు అడగాలి. పోలీసు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టినవారిని దేహదారుఢ్య పరీక్షలు ఎప్పుడో అడగాలి. మేడారం జాతర రెండేళ్ళకొకసారి మాఘమాసంలో వస్తుందని తెలిసీ, అది పడిన ఏడాది ఆ వారంలోనే మ్యాచ్ పెట్టుకుని, పదకొండు మందిని కూడగట్టడానికి కార్యదర్శి గారు స్వయంగా బూట్లు తొడుక్కున్న సంగతి మనం మరిచిపోలేదు. ఆయన బాగానే ఆడారు, అది వేరే విషయం.

"మనోళ్ళనే తీసుకోవాలె" అనే వర్గం వారికి ఒక్క మాట. నిజామాబాద్ జిల్లా నుండి వెళ్ళిన ఫుట్‌బాల్ క్రీడాకారిణి సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు ఆడడానికి వెళ్ళింది, దేశం జెర్సీ వేసుకుంది. మన ఉత్తర తెలంగాణ పిల్లను జాగ్రెబ్ వాళ్ళు తమ మనిషిగా చేర్చుకున్నారు. మనం జనగామ పిల్లవాడు మనవాడా కాడా అని తర్కించుకుంటూ కూర్చోవడం ఏం బాగుంటుంది?

చివరగా, రాయడానికి ఇబ్బందిగా ఉన్నా రాయక తప్పని విషయం ఒకటుంది. గత ఏడాది మన మూడో పిక్‌ను ఎంపిక సంఘం నిర్ణయించలేదు. క్లబ్‌కు విరాళమిచ్చిన ఒక పెద్దమనిషి చీటీ మీద రాసి పంపిన పేరును బల్ల దగ్గర చదివారు. ఆ అబ్బాయి రెండు మ్యాచ్‌లు ఆడి మానేశాడు; అతని తప్పు కూడా లేదు, ఎవరో తోస్తే వచ్చినవాడు. విరాళాలు లేకపోతే బంతులు కొనలేమని నాకు తెలుసు. దాతల పేర్లు బ్యానర్ మీద పెద్ద అక్షరాలతో వేయించండి, మొదటి మ్యాచ్‌కు వారితోనే కిక్ కొట్టించండి, శాలువా కప్పండి. డ్రాఫ్ట్ బల్ల దగ్గరికి మాత్రం ఎంపిక సంఘం ముందురోజే కూర్చుని రాసుకున్న వరుస జాబితా తప్ప మరొక కాగితం రానివ్వకండి. ఒక్కో పిక్‌కు ఇచ్చేది రెండు నిమిషాలు. పోయినసారి ఆ రెండు నిమిషాల్లో మనవారు ముగ్గురికి ఫోన్లు చేశారు. అందులో ఇద్దరు ఎత్తలేదు. ఐదో పిక్‌కు మూడు పేర్లు, పన్నెండుకు ఐదు పేర్లు, ఇరవై ఒకటికి ఏడు పేర్లు వరుసగా రాసి పెట్టుకుంటే ఎవరికీ ఫోన్ చేయవలసిన అవసరం రాదు. ఆ జాబితాను డ్రాఫ్ట్ ముగిసిన సాయంత్రం సభ్యులందరికీ చూపిస్తే, మేము వాదించుకున్నా తెలిసి వాదించుకుంటాం.

గురువారం పొద్దున ఆరు గంటలకు ఆ ముగ్గురు గోల్‌కీపర్లూ కాజీపేట రైల్వే మైదానానికి వస్తామని మాట ఇచ్చారు. భూపాలపల్లి ఆయన బుధవారం రాత్రే బంధువుల ఇంటికి చేరుకుంటానన్నారు. నాతో కలిసి ఆడిన ఇద్దరు పాతవాళ్ళు, నేను కలిసి ఒక్కొక్కరికి ఇరవై కార్నర్లు, పది పెనాల్టీలు కొడతాం. మా కాళ్ళలో మునుపటి బలం లేకపోయినా బంతిని ఎక్కడ వేస్తే గోల్‌కీపర్‌కు ఇబ్బందో ఇంకా గుర్తుంది. ఎంపిక సంఘం నుండి కనీసం ఒకరు వచ్చి గోల్‌పోస్టు వెనకాల నిలబడి చూడవలసిందిగా కోరుతున్నాను. గట్టు మీద నుండి కాదు, పోస్టు వెనక నుండే చూడాలి. ఫ్లాస్కులో టీ నేను తెస్తాను.

ఇట్లు,
క్లబ్ పాత సభ్యుడు,
కాజీపేట